ఇరవై అయిదు కుచ్చిళ్ళు

నా కూతురు నాకు ఎన్ని తలుపుల దూరంలో కూర్చుందో లెక్కపెట్టడం ఆ ఎనిమిది నెలల్లో నాకు అలవాటైపోయింది. రైలుకి ఆరు పెట్టెలు, పెట్టెకి ఒక్కో వైపు నాలుగు తలుపులు. నేను మొదటి పెట్టెలో ఎక్కితే తను మూడో పెట్టెలో ఎక్కేది. అంటే ఎనిమిది తలుపులు. సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్ల బ్లాక్ దగ్గర ఆగే చిన్న రైలుకి ఒకటో రెండో పెట్టెలే కాబట్టి అక్కడ తప్పించుకోవడానికి చోటుండదు. అప్పుడు ప్లాట్‌ఫాం మీదే ఆగిపోయి తర్వాతి రైలుకి వచ్చేది. "ఫోన్ చూస్తూ ఉండిపోయాను నాన్నా" అనేది.

కారణం నా కిల్ట్ అని అడక్కుండానే అర్థం చేసుకున్నాను.

కిల్ట్ అంటే స్కాట్లండ్ మగవాళ్ళు కట్టుకునే, మోకాలి దాకా వచ్చే, కుచ్చిళ్ళ గళ్ళ బట్ట. దాని దగ్గరికి నేను బస్సుల దారిన వచ్చాను. ఆదివారాలు పాత బండ్లు ఫొటోలు తీయడం నా సరదా. పాత బస్సులు, లారీలు, పక్కపెట్టె ఉన్న మోటారు సైకిళ్ళు. చక్రం ఫొటో చక్రం ఎత్తులోంచి తీయాలి, అంటే గొంతుక్కూర్చోవాలి. ఈ ఉక్కలో, ఈ పొట్టతో, ప్యాంటులో అది శిక్ష. రెండేళ్ళలో మూడు ప్యాంట్లు కుట్ల దగ్గర చిరిగాయి. ఇంట్లో అయితే చిన్నప్పటి నుంచీ లుంగీయే. కానీ లుంగీతో రైలెక్కితే నా భార్య ఊరుకోదు, పైగా అది ఎక్కడ జారుతుందోనని ఒక చెయ్యి కాపలా ఉండాలి. కెమెరాకి రెండు చేతులూ కావాలి.

ఒకసారి పాత కార్ల ప్రదర్శనలో ఒకాయన కిల్ట్ కట్టుకుని కనిపించాడు. నడుముకి రెండు బకిల్స్, జారే భయం లేదు. మోకాళ్ళ మీద వంగి, లేచి, హాయిగా తిరుగుతున్నాడు. నాది ఫిల్ము కెమెరా, రోలుకి ముప్ఫై ఆరు ఫొటోలే. అందుకని ఆయన్ని తీయలేదు. కారుని తీశాను.

నా ఉద్యోగం కర్టెన్ల కొలతలు. మలేషియాలో పుట్టి, ఇరవై రెండేళ్ళకి పనికోసం పక్కనే ఉన్న ఈ ద్వీప దేశంలో దిగాను. పెద్ద చదువు లేదు. ఏ కిటికీకి ఎంత బట్ట, ఎన్ని కుచ్చులు, గళ్ళు ఎక్కడ కలవాలి అనే లెక్కంతా చేస్తూ చేస్తూ సొంతంగా నేర్చుకున్నదే. కాబట్టి కిల్ట్ కొనాలన్న ఆలోచన రాలేదు. లైబ్రరీలో ఒక కుట్టుపని పుస్తకం దొరికితే అందులోని కొలతలు రాసుకున్నాను. ఒక్కో కుచ్చిలిలో ఒక పూర్తి గడి ఇమడాలి. మా కంపెనీలో రద్దయిన ఆర్డరు తాలూకు నీలం ఆకుపచ్చ గళ్ళ బట్ట ఉంది, గడి పదహారు సెంటీమీటర్లు. పైకి కనిపించేది రెండు, లోపలికి మడిచేది పద్నాలుగు. ఇరవై అయిదు కుచ్చిళ్ళు పడితే యాభై సెంటీమీటర్ల వెడల్పు, నా నడుములో సగానికి సరిపోతుంది. బట్ట నాలుగు మీటర్లు. మిగతా సగం కుచ్చిళ్ళు లేని సాదా భాగం, రెండు పొరలు, ఇంకో మీటరు. మొత్తం అయిదు. కంపెనీ దర్జీ కుట్టిపెట్టాడు. ఒక్క సెంటీమీటరు తేడా రాలేదు.

పుస్తకంలో బొమ్మలు కూడా ఉన్నాయి. నేను అంకెలున్న పేజీలే చూశాను.

అలా మొదలైంది. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి, గుడికి, బిషాన్‌లో బంధువుల ఇంటికి, ఆఫీసుకి కూడా కిల్టే. "నిచ్చెనెక్కే రోజు మాత్రం ప్యాంటు వేసుకో" అని మా యజమాని ఒక్క షరతు పెట్టాడు. లోపల నిక్కరు ఉంటుందని చెప్పినా వినలేదు. ఎవరు అడిగినా ఆగి కుచ్చిళ్ళు చూపించి లెక్క చెప్పేవాణ్ణి. గుళ్ళో ఆంటీలు వేలితో పట్టుకుని చూసి, "మా ఆయన పెళ్ళి పంచెకి కూడా ఇన్ని పడలేదు" అన్నారు.

నా కూతురికి పందొమ్మిదేళ్ళు, పాలిటెక్నిక్‌లో చదువుతోంది. చిన్నప్పుడు నాతో ప్రతి ఆదివారం వచ్చేది. బస్సు వెనక నంబరు అది చదివితే నేను రాసుకునేవాణ్ణి. కిల్ట్ మొదలైన రెండో వారం నుంచి ఈ తలుపుల దూరం.

బూన్ లే దగ్గర షెడ్ల మధ్య ఒక చైనీస్ అంకుల్ ఒక పాత బస్సుని ఉంచుకున్నాడు. ఏసీ లేనిది, డ్రైవరు పక్కనే ఇంజను, మడతపడే తలుపు, కడ్డీకి గంట మీట. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు ఆ గంట నొక్కి నొక్కి అంకుల్ చేత తిట్లు తిన్నది. ఆ బస్సుని మలేషియా వైపు జొహోర్‌లో ఎవరో కొన్నారు, సోమవారం పోతోంది, ఆదివారం కావలసినవాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకోండి అని కబురొచ్చింది. "నేనూ వస్తా" అంది మా అమ్మాయి.

శనివారం ఇస్త్రీ చేసుకుంటూ నా భార్యతో చెప్పాను. "రేపటితో ఇది ఆఖరు. పెట్టెలో పెట్టేస్తాను."

"ఎందుకండీ, బాగానే అలవాటైందిగా?"

"పిల్ల నా పక్కన కూర్చోవడం లేదు."

నా లెక్కలో కిల్ట్ ఒకటి, కూతురు ఒకటి. రెండూ ఒక పెట్టెలో పట్టడం లేదు. అందులో ఏది తీసెయ్యాలో తేల్చుకోవడానికి కష్టపడలేదు గానీ, ఇస్త్రీ మాత్రం గంట పట్టింది.

ఆ ఆదివారం కూడా ఎనిమిది తలుపులే. బస్సు దగ్గర ఇంకో నలుగురు కెమెరాలవాళ్ళున్నారు. అంకుల్‌కి ఎనభై దగ్గరపడుతున్నాయి. నేను ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని లేచేసరికి ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగాడు, కొనబోయే బండి చుట్టూ తిరిగినట్టు.

"బ్రదర్, నీది ముందుది వెనక, వెనకది ముందు లా." మాట చివర ఆ 'లా' ఇక్కడివాళ్ళకి ఊరికే వస్తుంది.

"ఏది అంకుల్?"

"ఇదే, కిల్ట్. నాకు తెలీదా? తెల్లోళ్ళ సిపాయిల క్యాంపు బట్టలన్నీ మా లాండ్రీకే వచ్చేవి. కుర్రతనంలో రోజుకి ఇరవై ఇస్త్రీ చేశా. కుచ్చులన్నీ వెనక. ముందు ఫ్లాట్, బల్ల లాగ. అంతమందిలో నీలాగ ఒక్కడు లేడు!"

పంచెకి కుచ్చిళ్ళు ముందు. చీరకి ముందు. మా తాత దగ్గర నుంచి కుచ్చిళ్ళంటే ముందే. అదీ కాక కర్టెన్లవాడిగా నాకొక నియమం ఉంది, కుచ్చుని నలగనివ్వకూడదు. అందుకే సాదా భాగం వెనక్కి పెట్టుకున్నాను.

"మరి వాటి మీద కూర్చుంటే నలగవా?" అన్నాను నీరసంగా.

"నలుగుతాయి. నలక్కపోతే నాకెక్కడిది ఉద్యోగం?"

నలుగురూ నవ్వారు. నేను తిరిగి చూస్తే మా అమ్మాయి బస్సు తలుపు దగ్గర నిలబడి ఉంది. నవ్వడం లేదు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"సెకండ్ వీక్ నుంచి. నా ఫ్రెండ్ ఫొటో చూసి చెప్పింది, మీ డాడ్ రివర్స్‌లో కట్టాడు అని."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను నాన్నా? అప్పటికే గుళ్ళో ఆంటీలందరికీ లెక్క చెప్పేశావు. ట్వెంటీ ఫైవ్, ట్వెంటీ ఫైవ్ అని అంత హ్యాపీగా ఉన్నావు. చెప్తే మళ్ళీ కట్టుకోవు. చెప్పకపోతే, ట్రైన్‌లో తెలిసినవాళ్ళు ఎవరైనా చూసి నవ్వుతారేమోనని నాకు టెన్షన్. పక్కన కూర్చుని అది చూడలేను లా."

"అయితే కిల్ట్ అంటే సిగ్గు కాదా నీకు?"

"కిల్ట్ ఓకే. ప్యాంటు కంటే నీకు బెటర్. వెనక చిరగదు."

ఎనిమిది నెలల లెక్క అక్కడ తప్పింది. లెక్క తప్పినందుకు అంత తేలికపడటం నా జీవితంలో ఇంకెప్పుడూ లేదు. ఊపిరి పీల్చుకుందామంటే నడుం దగ్గర బకిల్ బిగుతుగా అనిపించింది.

"లోపలికెళ్ళి తిప్పుకో. నేను డోర్ దగ్గర ఉంటా" అంది.

బస్సెక్కి వెనక సీట్ల మధ్యకి వెళ్ళాను. బయట దాని గొంతు వినిపిస్తోంది. "టూ మినిట్స్ అంకుల్, మా నాన్న యూటర్న్ తీసుకుంటున్నాడు." బకిల్స్ విప్పి, సగం చుట్టు తిప్పి, మళ్ళీ బిగించాను. ముందు బల్లలాగే వచ్చింది. అయిపోయిందని కేకెయ్యడానికి సిగ్గేసి కడ్డీ మీద గంట నొక్కాను. తలుపు మడతపడి తెరుచుకుంది.

కెమెరాలో ఇంకా రెండు ఫొటోలు మిగిలాయి. మా అమ్మాయి నా చేతిలోంచి కెమెరా తీసుకుని, నన్ను మెట్టు మీద నిలబెట్టి ఒకటి తీసింది.

"కుచ్చిళ్ళు పడవు కదా ఇందులో" అన్నాను.

"అయితే తిరుగు."

తిరిగి, భుజాన కెమెరా సంచీతోనే బస్సెక్కుతున్నట్టు కడ్డీ పట్టుకున్నాను. రోలు అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో నేను మొదటి పెట్టెలో ఎక్కాను. తను నా వెనకే ఎక్కి పక్కన కూర్చుంది. అవుట్రమ్ పార్క్‌లో రైలు మారినప్పుడూ అంతే. నా కుచ్చిళ్ళు కింద నలుగుతున్నాయి. నలగనిచ్చాను.

ఆ రెండో ఫొటో పెద్దది చేయించి హాల్లో తగిలించాను.

"తన వీపు ఫొటోని గోడకి తగిలించుకున్న మనిషిని మిమ్మల్నే చూశాను" అంది నా భార్య.

మా అమ్మాయి దగ్గరికెళ్ళి వేలుపెట్టి లెక్కపెట్టింది. "ట్వెంటీ త్రీయే ఉన్నాయి నాన్నా."

"రెండు కెమెరా సంచీ వెనక ఉన్నాయి, సరిగ్గా చూడు" అన్నాను.