ఆయన చొక్కా, నా ముక్కు

నాకు సంతకం వరకే అక్షరాలు వచ్చు. నేను చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాస్తున్నారు.

రోడ్లన్నీ మూసేసిన జ్వరాల కాలంలో మా ఆయన పోయాడు. ఇక్కడ హౌరాలో, షాలిమార్ రైల్వే యార్డులో గూడ్స్ బోగీలను కలిపే కొక్కేలు, అదే కప్లింగులు, చూసే ఫిట్టరు. డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా విప్పి తలుపు వెనక మేకుకు తగిలించి, ఒళ్ళు నొప్పులని పడుకున్నాడు. మర్నాడు అంబులెన్సు వచ్చింది. ఆ తర్వాత నాకు చూపించింది ప్లాస్టిక్ చుట్టిన మూట. స్నానం చేయించనివ్వలేదు, ముట్టుకోనివ్వలేదు. దూరం నుంచి మట్టి వేసి ఇంటికొచ్చాను. మేకుకున్న చొక్కా తీసి మొహానికి అదుముకున్నాను. ఏ వాసనా రాలేదు. ఆ జ్వరమే నాకూ వచ్చింది. నన్ను వదిలి, నా ముక్కును పట్టుకుపోయింది.

ఆయన మొహం ఫోటోలో ఉంది. గొంతు ఫోన్‌లో ఒకచోట ఉంది. ఆయన వాసన మాత్రం ఆ చొక్కాలో తప్ప ఎక్కడా లేదు. ముక్కు తిరిగొచ్చాక చూసుకుందామని దాన్ని ట్రంకు పెట్టెలో దాచాను. ఒక్కసారి దాన్ని వాసన చూడాలి. దేవుణ్ణి నేను ఇంకేమీ అడగలేదు.

ఏళ్ళు గడిచాయి, ముక్కు రాలేదు. ఎండు చేపలు వేయిస్తుంటే కింది వాటా బెంగాలీ ఆయన, దాదా అంటాం, మెట్ల మీద నిలబడి, "మాషీ! ఆబార్ శుట్కీ?" అని అరిచేవాడు. పిన్నీ, మళ్ళీ ఎండు చేపలేనా అని. ఆ అరుపును బట్టి చేపలు వేగాయని దించేదాన్ని.

పోయిన ఏడాది చర్చివాళ్ళు ఒక పిల్లను మా పై గదికి అద్దెకు పంపారు. ఖమ్మం వైపు పిల్ల. నదికి అవతల సాల్ట్ లేక్‌లో ఏదో లేబొరేటరీలో పెద్ద చదువు. హౌరాలో మెట్రో ఎక్కి, నది కింద సొరంగంలోంచి పోయి, పొద్దుగూకి వచ్చేది.

"నీ సదువేటమ్మా?" అని అడిగాను.

"వాసన మీదనే ఆంటీ. ముక్కుకు వాసన ఎట్ల తెలుస్తదని."

"ఓలమ్మ! దానికీ సదువుందేటి? ముక్కుంటే తెలుస్తాది."

"మీకుంది గద ముక్కు. తెలుస్తుందా మరి?"

నా సంగతంతా చెప్పాను. ఆ పిల్ల పీట లాక్కుని కూర్చుంది. వాసన అంటే వస్తువు నుంచి లేచిపోయే కంటికి కనబడని నలుసులట. ముక్కు పైకప్పులో కణాలుంటాయి, వాటి ఒంటి మీద రిసెప్టర్లని ఉంటాయి, నలుసు వచ్చి తనకు సరిపడే రిసెప్టరుకు తగులుకుంటేనే కణం మెదడుకు కబురు పెడుతుందట. నాకు మా ఆయన పని గుర్తొచ్చింది. బోగీ కొక్కెం బోగీ కొక్కేన్ని పట్టాలి. రకం కలవకపోతే ఎంత గుద్దినా పట్టదు.

"పట్టుకుని అలాగే ఉండిపోద్దా?"

"లేదాంటీ. జర్రసేపే. మళ్ళా విడిపోతది."

ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. గాజు పళ్ళెంలో కణాలు పెంచి, మనిషి ముక్కులో ఉండే రిసెప్టర్లను వాటి మీద మొలిపించారట. అంతా చీకటి. తను లవంగం వాసన ఒక చుక్క వేయగానే ఒక్కొక్క కణమే పచ్చగా వెలిగింది. నా ముక్కుకు అందని లవంగాన్ని కళ్ళతో చూశాను. నాకు ఆశ పుట్టింది.

"మా ఆయన సొక్కా వాసన కూడా అలా ఎలిగించి సూపించు."

"మనిషి వాసన ఒక్కటి కాదాంటీ, వందలుంటయ్. ఏది దేనికి తగులుకుంటదో మాకే ఇంకా సగం తెల్వదు."

"అయితే నువ్వే వాసన సూసి సెప్పు. నీకు ముక్కుంది కదా."

పెట్టె తెరిచాను. ఆ పిల్ల వంగింది, వంగినట్టే తల వెనక్కి లాక్కుంది. కళ్ళలో నీళ్ళు.

"ఏటి? ఏటొచ్చింది?"

"ఆంటీ, ఇందుల డాంబర్ గోలీలు వేసిన్రా?"

కలరా ఉండలను ఆ పిల్ల అలా అంటుంది.

"ఏస్నాను. ఇక్కడి వానలకి పురుగు కొట్టెయ్యదా మరి? ఏటేటా కొత్తవి ఏస్నాను, గుప్పెడేసి."

"అదే వస్తుంది. ఇంకేం లేదాంటీ."

ముక్కున్న మనిషైతే మొదటి ఏడే ఆపేది. నేను కాపాడుతున్నానని ఏటేటా మా ఆయన మీద ఉండలు కుమ్మరించాను. ఏడుస్తూ ఉండలన్నీ ఏరి కిటికీలోంచి విసిరేశాను. ఆ పిల్ల గాబరాపడి, "ఏడ్వకండాంటీ, గోలీల వాసన తేలిక, తొందరగ లేచిపోతది. గ్రీజు, చెమట జిడ్డు బరువు, గుడ్డను వదలవు" అంది. గదిలో నీడన దండెం కట్టి చొక్కా ఆరేసింది. రోజూ లేబొరేటరీకి బయలుదేరే ముందు దాని దగ్గర ఆగేది. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేది. నేను ఆ తల వైపే చూస్తూ నిలబడేదాన్ని.

ఒక పొద్దున తల ఊపలేదు. "గ్రీజు వస్తుంది" అంది. మళ్ళీ పీల్చింది. "అంకుల్ ఖైనీ తింటుండెనా?"

"పొగాకు మానేస్నానని సర్చిలో పెమాణం సేస్నాడు!"

"జేబుల ఉంది ఆంటీ వాసన."

"దొంగ సచ్చినోడు!" అని నవ్వాను. ఆయన పోయాక ఆయన గురించి నవ్వింది అప్పుడే.

ఆ పిల్ల ఇంకోసారి వంగింది, ఈసారి కాలరు దగ్గర. కళ్ళు మూసుకుంది. "ఇంకోటి ఉందాంటీ. పేరు చెప్పొస్తలేదు. మనిషి వాసన." మొహంలో ఏదో మెత్తదనం. అది నాది. పక్కన పడుకుని అన్నేళ్ళు నేను పీల్చింది. ఆయన మొహం కూడా చూడని పిల్ల ముక్కుకు తగులుకుని, నాకు తగులుకోవడం లేదు.

"సాలు, ఇక పీల్సకు" అని చొక్కా లాక్కున్నాను. కాలరులో ముక్కు పెట్టి ఊపిరాడనంతసేపు పీల్చాను. ఏమీ లేదు.

"మీరు చెప్పమంటేనే చూసిన గదాంటీ" అంది ఆ పిల్ల, బిత్తరపోయి.

నిజమే. అయినా నేను పలకలేదు. చొక్కాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడి వేశాను. తర్వాత కొన్నాళ్ళకు ఆ పిల్ల స్నేహితులతో కలిసి న్యూ టౌన్‌లో ఇల్లు తీసుకుని వెళ్ళిపోయింది. లేబొరేటరీకి దగ్గరని చెప్పింది. నేను ఆపలేదు.

మొన్న పొయ్యి మీద పాలు పొంగుతుంటే ముక్కుకు ఏదో వచ్చింది. కాలిన టైరులాంటిది. వాసనే! పొయ్యి ఆపి ఆ పిల్లకు ఫోన్ చేశాను.

"మంచిదే ఆంటీ! కణాలు మళ్ళా మొలుస్తున్నయేమో. కాకపోతే ముక్కు నుంచి మెదడుకు పోయే తీగలు ఒకదాని బదులు ఇంకోదానికి కలిసి, వాసన తప్పుగ తెలుస్తుంటది కొందరికి."

"తరవాత సరిగా వస్తాదా?"

"కొందరికి వచ్చింది. కొందరికి అట్లనే ఉండిపోయింది."

"మరి సొక్కా? అది కూడా కాలిన టైరులాగే వస్తాదేటి?"

ఆ పిల్ల అబద్ధం ఆడదు. "రావచ్చు ఆంటీ" అంది.

పాలు మాడలేదు, బాగానే ఉన్నాయని కింది దాదా తాగి చెప్పాడు. కవరు తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను. ముడి మీద వేలు పెట్టాను. ఇన్నాళ్ళూ ఏమీ రాదేమోనని భయం ఉండేది. ఆయన కాలిన టైరులా రావడం కంటే ఏమీ రాకపోవడమే నయం. వేలు తీసేసి, కవరును పెట్టెలో పెట్టేశాను.