మా చిన్నాయన షేరు బోణీ

మా చిన్నాయన షేర్ మార్కెట్‌ను కూడా స్టీలు పాత్రల అంగడిలాగే నడిపాడు. అంటే, రోజూ పొద్దున బోణీ చేసేవాడు.

అప్పట్లో నేను డిగ్రీ పూర్తి చేసి, ఏ కంపెనీ పిలవకపోవడంతో ఆదోనిలోనే ఒక షేర్ల ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా కుదిరాను. పత్తి మార్కెట్‌కు పోయే దారిలో, సోడాల అంగడి పైన రెండు గదులు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక టీవీ, కాళ్ళు వంగిన ప్లాస్టిక్ కుర్చీలు. లోపలి గదిలో మా ఓనరు, ఆయన బీపీ మాత్రలు. ఎవరు ఏది కొనమంటే అది కొనడం, ఏది అమ్మమంటే అది అమ్మడం, తర్వాత వాళ్ళు వచ్చి "నాకు ముందే యాల చెప్పల్యాప్పా" అని అడిగితే తల వంచుకుని వినడం నా పని. జీతం మాత్రం మొదటి రెండింటికే.

పది కావస్తుండగా మార్కెట్ తెరుచుకునేది. చిన్నాయన అంతకుముందే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నా పక్క కుర్చీలో కూర్చునేవాడు. తెరుచుకోగానే తన దగ్గరున్న షేర్లలోంచి ఒక్కటంటే ఒక్కటి అమ్మించేవాడు. వ్యాపారం అమ్మకంతో మొదలవ్వాలి, కొనడంతో మొదలైతే ఆ రోజంతా చేతిలో డబ్బు నిలవదు అన్నది ఆయన సిద్ధాంతం. అంగట్లో ఆయన తండ్రి అట్లే చేశాడు, తానూ అట్లే చేశాడు, ఇప్పుడు బొంబాయి వాళ్ళు కూడా అట్లే చేయాలి. ఆ ఒక్క షేరు అమ్మినందుకు మా ఆఫీసు కమిషను, ఆ పైన డీమ్యాట్ ఛార్జీ పోగా ఆయనకు మిగిలేది తృప్తి ఒక్కటే అని లెక్క వేసి చూపించాను. తృప్తికి కూడా విలువ ఉంటుందన్నాడు. మా ఓనరు లోపలి గదిలోంచి తల బయటపెట్టి, ఆయన చెప్పింది నిజమన్నాడు. కమిషను ఆయనదే కదా.

ఇంకొక చిక్కు వచ్చింది. అమ్మిన డబ్బు చేతికి రావడానికి రెండు రోజులు పడుతుందని నేను నోరు జారాను. బోణీ అరువు పెట్టడం మా వంశంలోనే లేదు. చిన్నాయన ఒక పూటంతా ఆలోచించి, ఇది అరువు కాదు, చెక్కు అని తీర్పు ఇచ్చుకున్నాడు. అప్పటినుంచి అమ్మకం కాగానే మానిటరును తాకి ఆ చేతిని కళ్ళకు అద్దుకునేవాడు. అది పాత డబ్బా మానిటరు, తాకితే వేలికి చుర్రుమనేది. లక్ష్మి పలికిందనేవాడు. ఎర్తింగు సరిగా లేదని నేను చెప్పలేదు.

మా ఆఫీసు పక్క వీధిలోనే చిన్నాయన అంగడి, దానికి సరిగ్గా ఎదురుగా దుప్పట్ల అంగడి. దాని యజమాని చిన్నాయన ఈడువాడే. వీళ్ళిద్దరి స్నేహం నా వయసుకంటే పెద్దది. కోసిగి వైపు పల్లెల నుంచి సుగ్గికి, అంటే పంటకోతల పని వెతుక్కుంటూ దూరం ఊర్లకు పోయే కూలీలు, బయలుదేరేముందు ఈ వీధికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు వండుకోను గిన్నె కావాలి, కప్పుకోను దుప్పటి కావాలి. గిన్నె కొన్నవాళ్ళను చిన్నాయన ఎదురుగా పంపేవాడు, దుప్పటి కొన్నవాళ్ళను దుప్పట్లాయన ఇటు పంపేవాడు. నా పేరు చెప్పండి అని ఇద్దరూ చెప్పి పంపేవాళ్ళు. పేరు చెప్పినందుకు ఇద్దరిలో ఎవరూ ఒక్క రూపాయి తగ్గించిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం దాకా ఒకరికి బోణీ కాకపోతే రెండోవాడు వీధి దాటి పోయి ఏదో ఒకటి కొనేవాడు. అడగడం, బ్రతిమాలడం ఏమీ ఉండేవి కావు. అందుకే మా చిన్నాయన ఇంట్లో తువ్వాళ్ళకు, దుప్పట్లాయన ఇంట్లో చెంచాలకు ఎన్నడూ కరువు రాలేదు. మా చిన్నమ్మ ఒక తువ్వాలుతో పొయ్యిగట్టు తుడిస్తే, ఇంకొకదానితో ఆ తువ్వాలును తుడిచేది.

దుప్పట్లాయనకు జీవితంలో ఒకే కోరిక, అంగడికి స్లాబు వేయించడం. పైన రేకులు. ఆదోనిలో వాన పడేదే తక్కువ. పడిన ఆ కొంచెమూ చిల్లులు వెతుక్కుని ఆయన దుప్పట్ల మీదే పడేది. ఆ స్లాబు కోసం ఏళ్ళ తరబడి కూడబెట్టింది బ్యాంకులో ఉండేది. రెండువేల ఏడులో మార్కెట్ ఎగిరెగిరి పడుతున్నప్పుడు చిన్నాయన ఆ డబ్బు మీద కన్నేశాడు. దురాశతో కాదు, ప్రేమతో. ఒక స్టీలు పైపుల కంపెనీ షేరు తాను కొని, ఆయన చేతా కొనిపించాడు. "నాకు స్టీలు తెలుసప్పా" అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పే తాహతు ఆ వీధిలో ఎవరికీ లేదు. స్లాబు డబ్బంతా మా ఆఫీసు మెట్లెక్కింది.

షేరు పెరిగింది. షేరుతోపాటు కట్టని స్లాబు కూడా పెరిగింది. మొదట ఉత్త స్లాబు. దీపావళి నాటికి పైన ఒక గది. ఆ తర్వాత గదికి మెట్లు, మెట్లకు గ్రిల్లు. దుప్పట్లాయన రేకుల వైపు చూసే చూపు కూడా మారిపోయింది, ఇల్లు ఖాళీ చేయని అద్దెవాళ్ళను చూసినట్టు చూసేవాడు.

జనవరిలో మార్కెట్ పడింది. పొద్దున తెరిచేసరికి తెరంతా ఎర్రగా ఉంది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో విధంగా పోరాడారు. ఒకాయన, పోయిన నెల లాభం వచ్చిన రోజు ఏ కుర్చీలో కూర్చున్నాడో గుర్తు చేసుకుని ఆ కుర్చీలోకి మారాడు. ఇంకొకాయన టీవీ కట్టేయమన్నాడు, సౌండు లేకపోతే మెల్లగా పడుతుందన్నట్టు. ఒక రిటైర్డ్ సారు ఇది పడుతుందని తనకు ముందే తెలుసన్నాడు. మరి ఎందుకు అమ్మలేదని అడిగితే, నిన్న రాత్రే తెలిసిందన్నాడు. ఎన్నడూ ఒక్క షేరు కొనని ఒక పెద్దమనిషి అందరినీ ఓదార్చడానికి వచ్చి, ఓదార్పు మధ్యలో సంతోషం ఆపుకోలేక కిందికి పోయి సోడా తాగి వచ్చాడు. లోపలి గదిలో మాత్ర రేపర్ చించిన చప్పుడైంది. నేను లేచి ఫ్యాన్ స్పీడు పెంచాను. అంతకుమించి ఒక ఆపరేటరు చేయగలిగింది ఏమీ లేదు.

దుప్పట్లాయన గస పోసుకుంటూ మెట్లెక్కి వచ్చి, అంతా అమ్మేయమన్నాడు. నా వేలు కీబోర్డు మీదికి పోయింది కూడా. చిన్నాయన ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. రెండు దినాలు ఓర్చుకోమన్నాడు. ధర పడితే వేరుశనక్కాయలు గోడౌన్లో పెట్టి కూర్చోమా, ఇది అంతకంటే గట్టి సరుకు, పురుగు కూడా పట్టదు అన్నాడు. దుప్పట్లాయన మొహం చూస్తే నమ్మినట్టు లేదు. కానీ ఇన్నేళ్ళ స్నేహితుని మాట తీసేయడం ఆయనకు చేతకాలేదు. దిగి పోయాడు.

మరునాడు ఆ షేరు గీత దగ్గర ఆగిపోయింది. ఒక షేరు ఒక రోజులో ఇంతకుమించి పడకూడదని మార్కెట్ వాళ్ళు గీసిన గీత అది. అక్కడికి చేరాక అమ్మేవాళ్ళు బారులు తీరతారు, కొనేవాడు ఒక్కడూ ఉండడు. షేరు మన పేరు మీదే ఉంటుంది, వదిలించుకుందామంటే పుచ్చుకునే నాథుడు దొరకడు. దాని మరునాడూ అంతే, ఇంకా కింది గీత.

ఆ సాయంత్రం వీధి నడిమధ్యలో, ఇద్దరి అంగళ్ళకూ సమానదూరంలో నిలబడి, దుప్పట్లాయన ఒకే మాట అన్నాడు. "నీకు తెలిసింది గిన్నెలప్పా. స్టీలు కాదు."

అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండేదని చిన్నమ్మ తర్వాత అనింది. మరునాటినుంచి దుప్పటి కొన్న కూలీలు ఇటు రావడం మానేశారు. వెనక వీధిలో ఇంకొక పాత్రల అంగడి ఉంది, అక్కడికి పోతున్నారు. దాని గురించి చిన్నాయన పైకి ఒక్క ముక్క మాట్లాడలేదు. షేరు పడితే నాతో వాదించేవాడు, ఇండెక్సు పడితే టీవీతో వాదించేవాడు. కానీ నేను ఇంటికి పోతూ ఆయన అంగడి దగ్గర ఆగితే మాత్రం ఎటో చూస్తూ, దుప్పట్లాయన అంగడి తెరిచే ఉందా, మూసినాడా అని అడిగేవాడు. అది చిన్నాయన అంగడి గడప మీదినుంచే కనిపిస్తుంది. అయినా నన్ను అడిగేవాడు. షేరు తిరిగి లేస్తుందని ఆయనకు నమ్మకం ఉంది. ఎదురంగడి మనిషి తిరిగి పలుకుతాడా అన్నదాని మీదే ఏ నమ్మకమూ లేదు.

ఇక బోణీ సంగతి. పొద్దున ఒక షేరు అమ్మకానికి పెట్టేవాడు. కొనేవాడు లేడు కాబట్టి అది సాయంత్రం దాకా అట్లే ఉండేది. వేరే కంపెనీవి అమ్ముదాం, వాటికి బేరం ఉందని నేను చెప్పాను. ఒప్పుకోలేదు. ఆ పైపుల షేరుకు కొనేవాడు దొరికితే తనదీ, దుప్పట్లాయనదీ కష్టం గట్టెక్కినట్టేనని మనసులో ముడి వేసుకున్నాడు. బోణీ కాకుండా లేవకూడదని మార్కెట్ మూసేదాకా కుర్చీలోనే కూర్చునేవాడు. అంగడి చిన్నమ్మ నడిపింది. బేరాలు బాగానే జరుగుతున్నాయనీ, ఆయనకు వీలైనన్ని రోజులు అక్కడే కూర్చోవచ్చనీ కబురు పంపింది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం నేను టీకి దిగి వాళ్ళ వీధి వైపు నడిచాను. దుప్పట్లాయన గడప మీద కూర్చుని దుప్పటి మడతపెడుతున్నాడు. నన్ను చూసి తల తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. నాకు మౌనం చూస్తే నోరు ఊరుకోదు. మా చిన్నాయన పైన గుడ్లు పొదిగే కోడిలాగా కూర్చున్నాడనీ, ఇంకా బోణీ కాలేదనీ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

దుప్పట్లాయన మడత ఆపాడు. "యప్పట్నుంచి?"

"మీరు మాటలు మానినప్పటినుంచి మామా."

దుప్పటిని సగం మడతలోనే వదిలి, చెప్పులేసుకున్నాడు. నేను టీ తాగకుండానే ఆయన వెనక మెట్లెక్కాను.

పైకి వచ్చి చిన్నాయన వైపు చూడలేదు. కంప్యూటర్ వైపు చూస్తూ, ఆ పైపుల షేరు ఒకటి కొనమన్నాడు. గదిలో వాళ్ళంతా తిరిగి చూశారు. అమ్ముదామంటే అమ్మలేక చస్తున్న మనిషి అదే షేరు కొంటున్నాడు. మతి పోయిందని రిటైర్డ్ సారు కళ్ళతోనే తేల్చేశాడు. చిన్నాయనకు మాత్రం అర్థమైంది. కుర్చీలోంచి సగం లేచి, అట్లే నిలబడిపోయాడు.

నేను కొన్నాను. రెప్పపాటులో వచ్చేసింది. ఆరోజు దేశం మొత్తంలో ఆ షేరును కావాలని కొన్నవాడు ఆయనొక్కడే అయి ఉంటాడు. చిన్నాయన చెయ్యి మానిటరు వైపు పోయింది.

నాలాంటివాడు నోరు మూసుకోవాల్సిన సమయం అదే. కానీ తెర మీద ఉన్నది తెర మీద ఉంది. చిన్నాయన పెట్టిన ఆర్డరు కదలలేదని చెప్పాను. బారులో ముందు నిలబడినవానిదే ముందు పోతుంది, ఆయనకంటే ముందు ఊళ్ళకు ఊళ్ళే ఉన్నాయి. దుప్పట్లాయన కొన్నది ఇంకెవరిదో.

చిన్నాయన చెయ్యి మానిటరును తాకకుండానే వెనక్కి వచ్చింది.

"ఎవురిదప్పా?" దుప్పట్లాయన అడిగాడు.

"తెలీదు మామా. సూరత్‌లో ఉండొచ్చు, కలకత్తాలో ఉండొచ్చు."

ఆయన కొంచెం ఆలోచించాడు. "పోనీలే. ఆయప్పకైనా బోణీ అయ్యిండాది."

మొదట నవ్వింది చిన్నాయనే. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మసకబారిందన్నాడు. ఫ్యాన్ కింద కళ్ళజోడు ఎందుకు మసకబారుతుందో నేను అడగలేదు.

"రెండు దినాలు ఓర్చుకోమని నేను అనకుండా ఉండాల్సిందప్పా" అన్నాడు.

"అన్యావు, విన్యా. మునిగింది ఇద్దరం. నువ్వొక్కనివే మునిగినట్ట ఈడ కూచ్చుంటే ఎట్ల? లెయ్యి, ఆడ మీ ఆడమనిషి మామూలు రేటు కంటే తక్కువకు ఇస్తాంది, చూడలేకపోతాండా."

ఆ చివరి ముక్కతో చిన్నాయన నిజంగానే లేచాడు. ఆర్డరు తీసేయమని నాకు చెప్పి, స్నేహితుని వెనకే దిగి పోయాడు. చిన్నమ్మ ఆ రోజు ఇద్దరితో ఒకేసారి మాటలు పడింది. ఇద్దరికీ కలిపి ఒకే జవాబు ఇచ్చింది, ఆ జవాబు ఇక్కడ రాసేది కాదు.

కొన్నాళ్ళకు గీత వదిలింది, కొనేవాళ్ళు వచ్చారు. దుప్పట్లాయన మొత్తం అమ్మేశాడు. చిన్నాయన అమ్మలేదు. ఒకరిని ఒకరు వెర్రివాళ్ళనుకున్నారు గానీ పైకి అనలేదు. మిగిలిన డబ్బుతో సగం స్లాబు వేస్తావా అని దుప్పట్లాయన మేస్త్రీని పిలిచి అడిగాడు. నువ్వు సగం అంగట్లోనే కూర్చుంటావా అని మేస్త్రీ అడిగాడు. డబ్బు తిరిగి బ్యాంకుకు పోయింది. వానలకు ముందు ఒక మంచి టార్పాలిన్ కొన్నాడు.

దాన్ని కట్టిన రోజు ఆదివారం, నాకు సెలవు. దుప్పట్లాయన రేకుల మీదికెక్కి తాళ్ళు బిగిస్తున్నాడు. చిన్నాయన కింద నిచ్చెన పట్టుకుని, ఆ మూల ఇంకొంచెం లాగితే నీళ్ళు ఇటు జారుతాయి, ఆ ముడి కాదు ఇంకో ముడి వెయ్యాల అని చెప్తూనే ఉన్నాడు.

దుప్పట్లాయన పైనుంచి వంగి చూశాడు. "ఏమప్పా, నువ్వు నాకు ఏమీ చెప్పద్దు. నిచ్చెన పట్టుకో, సాలు."

చిన్నాయన పట్టుకున్నాడు. చెప్పడం మాత్రం మానలేదు.