బ్లేడుతో గీకిన గడి

నా చిన్నప్పుడు సింగపూరు యీషున్‌లో మా అపార్ట్‌మెంటు బ్లాకు తగువులు రెండు చోట్ల తీరేవి. ఇంటి తగువుల్ని ఆడవాళ్ళు వంటింట్లో తీర్చేవాళ్ళు. సాఫ్ట్‌బాల్ తగువుల్ని మా తాతయ్య పుస్తకం తీర్చేది. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కి చెల్లెలి వరస ఆట. తాతయ్య మలేషియాలో రబ్బరు తోటలో పుట్టి, ఓడల యార్డులో పని దొరికి సింగపూరు వచ్చినవాడు. యార్డువాళ్ళూ మా బ్లాకువాళ్ళూ కలిసి పెట్టుకున్న జట్టుకి ఆయన స్కోరరు. మా జట్టులో ఆడామగా కలిసే ఆడేవాళ్ళు.

ఆ పుస్తకం గురించి కొంచెం చెప్పాలి. ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో పేజీ, బ్యాటు పట్టిన ప్రతిసారికీ ఒక గడి. కొట్టినవాడు అవుటవకుండా నిలబడే చోటు, అంటే బేస్, చేరితే, అది వాడి దెబ్బ గొప్పతనమా, లేక పట్టాల్సినవాడు బంతి వదిలేశాడా అని తేల్చాల్సింది స్కోరరు ఒక్కడే. హిట్ అని రాస్తే మాట పడేది బంతి వేసినవాళ్ళు. తప్పు అని రాస్తే మాట పడేది వదిలేసినవాళ్ళు. తాతయ్య నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. ఆయన రాసిందాని మీద మా బ్లాకులో ఎవరూ అప్పీలుకి వెళ్ళలేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆయన నాకు స్కోరు రాయడం నేర్పడం మొదలుపెట్టాడు. పాత పుస్తకాలు ముందు పెట్టి, చూసి దించమనేవాడు. కొత్త సీజను మొదలవడానికి వారం ముందు ఒక నీలం అట్ట పుస్తకంలో ఆరేళ్ళనాటి ఫైనల్ పేజీ దించుతున్నాను. చివరి ఇన్నింగ్స్‌లో ఒక గడి దగ్గర నా వేలు ఆగింది. అక్కడ కాగితం పలచగా ఉంది. బ్లేడుతో గీకి, దాని మీద హిట్ గుర్తు వేసి ఉంది. దీపానికి అడ్డుపెట్టి చూస్తే గీకేసిన అక్షరం నీడలా కనిపించింది. తప్పు గుర్తు, పక్కన మూడు అంకె. మూడు అంటే మొదటి బేస్ దగ్గర నిలబడేవాళ్ళు. ఆ రోజు అక్కడ నిలబడింది మా నాన్న.

తాతయ్యా ఇదేంటి అని అడిగాను. ఆయన పుస్తకం మూసి, కాఫీ తెమ్మని నన్ను లోపలికి పంపాడు. ఆ తరవాత రెండు రోజులు పాఠానికి పిలవలేదు. నాకు అర్థం కావడానికి ఆ రెండు రోజులు సరిపోయాయి.

ఎందుకంటే ఆ ఫైనల్ సంగతి మా బ్లాకులో పిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు బంతి వేసింది పక్కింటి అక్క వాళ్ళ నాన్న. ఒక్క రన్ను ఆధిక్యం, ఇంకొక్కరు అవుటైతే కప్పు మాది. చినుకులు, మసక వెలుతురు. ఆయన వేసిన బంతిని అవతలివాడు మొదటి బేస్ వైపు కొట్టాడు, రెండు రన్నులు వచ్చేశాయి, కప్పు పోయింది. మా నాన్న వదిలేశాడని కొందరు, పట్టలేనంత గట్టిగా కొట్టాడని కొందరు ఆ సాయంత్రం గొంతులు చించుకున్నారు. చివరికి అందరూ తాతయ్య పుస్తకం దగ్గరికి వచ్చారు. పుస్తకంలో హిట్ అని ఉంది. అంతటితో మా నాన్న గట్టెక్కాడు. అక్క వాళ్ళ నాన్న చెయ్యి ఆఖర్లో వణికిందని పేరు పడింది. మరుసటి సీజను జట్టులో ఆయన పేరు లేదు. ఆయన మళ్ళీ గ్రౌండు మొహం చూడలేదు. టాక్సీ నడుపుకుంటూ, మేమంతా కింద కూర్చున్నప్పుడు తల వంచుకుని లిఫ్టు ఎక్కేసేవాడు.

ఇక ఆ సీజను తొలి మ్యాచ్‌కి ముందురోజు. మా జట్టుకొక ఆనవాయితీ ఉండేది. ముందురోజు సాయంత్రం బ్లాకు కింద రాతిబల్ల దగ్గర అందరూ చేరతారు. కోచ్ అంకుల్ ఒక్కో పేరూ చదివి ఒక్కో జెర్సీ చేతికిస్తాడు. ఇచ్చిన జెర్సీ తిరిగి తీసుకోవడం అంటూ లేదు. ఆ బల్లని మధ్యాహ్నమే గొడుగూ టిష్యూ ప్యాకెట్టూ పెట్టి చోప్ చేసేవాళ్ళు, అంటే చోటు ఆపుకునేవాళ్ళు. ఇక అక్కడి నుంచి కబుర్లే కబుర్లు. ఎవరు ముందు కొట్టాలి, ఎవరు చివర కొట్టాలి, వెనకటి ఫలానావాడి కాలి గోటికైనా ఇప్పటివాళ్ళు సరిపోతారా అని. వెనకటివాళ్ళు ఏటేటా ఇంకా గొప్పవాళ్ళు అవుతూ ఉండేవాళ్ళు. ఆ ఫైనల్‌లో మొదటి బేస్ వైపు వెళ్ళిన బంతి కూడా ఆరేళ్ళలో తూటా అయిపోయింది.

ఆ సాయంత్రం అన్ని జెర్సీలూ పంచేశారు, ఒకటి తప్ప. బంతి వేసేవాళ్ళది. దానికి ఇద్దరు పోటీ. ఒకరు వెనకటి సీజనులో వేసిన మనిషి. రెండోది పక్కింటి అక్క. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఏడాదంతా కార్‌పార్కు గోడకి సుద్దతో చదరం గీసి దానికేసి బంతి విసిరింది. ఆ చప్పుడుకి పైవాళ్ళు ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు. ఆ రోజు స్తంభం పక్కన గ్లవ్ పట్టుకుని నిలబడి ఉంది. తన గురించే మాట్లాడుతున్నారని తెలిసీ మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. గ్లవ్ తాడు మాత్రం విప్పుతూ కడుతూ ఉంది.

కోచ్ అంకుల్ అక్కవైపే మొగ్గుతున్నాడు. ఆయన జట్టులోకి వచ్చి రెండేళ్ళే, పాత సంగతులు తెలియవు. అప్పుడు మా బ్లాకులోకెల్లా పెద్ద గొంతున్న తెల్లటోపీ అంకుల్ అడ్డుపడ్డాడు.

"పిల్ల మంచిదే, కాదన్ను. కానీ ఆఖరి ఇన్నింగ్స్‌లో చెయ్యి వణుకుతుంది. బ్లడ్‌లోనే ఉంది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?"

కొందరు నవ్వారు. మా నాన్న నవ్వలేదు. తన జెర్సీ మడత విప్పి మళ్ళీ మడత పెట్టుకుంటున్నాడు. కోచ్ అంకుల్ ఆ కథేమిటని ఇంగ్లీషులో అడిగాడు. తలా ఒక ముక్క చెప్పారు. ఆయన, ఎవరి మాటా నేను వినను, పుస్తకం తెప్పించండి, ఆ ఇన్నింగ్స్ నా కళ్ళతో చూసుకుంటాను అన్నాడు.

తాతయ్య నావైపు చూశాడు. "వెళ్ళి తీసుకురా అమ్మా," అన్నాడు.

మా ఇల్లు ఆరో అంతస్తులో. ఆ రోజుల్లో లిఫ్టు ఐదులోనే ఆగేది, అక్కడి నుంచి మెట్లు.  కోచ్ అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని చూస్తే గీకిన గడి తెలిసిపోతుంది. తెలిస్తే తాతయ్య పరువు, నాన్న పరువు రెండూ ఒక్కసారే పోతాయి. అక్క సంగతి నాకు గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. కానీ మనవాళ్ళు మునిగిపోతుంటే పక్కవాళ్ళ గురించి ఆలోచించే వయసు కాదు నాది, అంత మంచితనమూ లేదు. బీరువా తెరిచి, నీలం అట్ట పుస్తకం మీదున్న ఎర్ర అట్ట పుస్తకం తీసుకుని కిందికి పరిగెత్తాను. అది ఆ మరుసటి ఏడాదిది. అందులో ఆ మ్యాచే లేదు.

తాతయ్య దాన్ని అందుకుని తెరిచాడు. మొదటి పేజీ చూడగానే తెలిసిపోయి ఉంటుంది. అయినా రెండు మూడు పేజీలు తిప్పాడు. అందరూ ఆయన చేతుల్నే చూస్తున్నారు. ఒక్కమాట అంటే చాలు. ఆ పుస్తకం పోయింది అనో, చెదలు తినేశాయి అనో. ఆయన మాట కాదనేవాళ్ళు అక్కడ లేరు. అనమని నేను మనసులో దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

ఆయన తలెత్తాడు. నా మీద కోపమేమీ లేదు ఆ మొహంలో.

"ఇది కాదమ్మా. దీని కిందున్నది. నీకు తెలుసు."

మళ్ళీ లిఫ్టు, మళ్ళీ మెట్లు. ఈసారి ఏడుస్తూ ఎక్కాను. నీలం పుస్తకం తీసుకుని బయటికి రాకుండా వంటింట్లోకి వెళ్ళాను. మా వంటింటి గోడలో చెత్త పారేసే గొట్టానికి మూత ఉండేది. తెరిచి వేస్తే ఏ వస్తువైనా ఆరంతస్తులూ జారి కింద చెత్తలో పడుతుంది. మూత తెరిచి పుస్తకం అంచు అందులో పెట్టాను. కుళ్ళు వాసన మొహానికి కొట్టింది. వేలు వదిలితే అయిపోయేది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వదలకపోవడానికి కారణం నా నీతి కాదు. నీకు తెలుసు అని నలుగురిలో అన్నాడే, పుస్తకం లేకుండా కిందికెళ్ళి ఆ మనిషి కళ్ళలోకి చూడలేననిపించింది, అంతే. మూత వేసేశాను.

తాతయ్య పుస్తకం బల్ల మీద విప్పి, ఆ గడి మీద వేలు పెట్టి, కోచ్ అంకుల్‌కి చూపించాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. బంతి నెమ్మదిగానే వచ్చిందని, మొదటి బేస్ దగ్గర గ్లవ్‌లో పడి జారిందని, గ్రౌండులో ఉన్నదున్నట్టే రాశానని చెప్పాడు. వర్షానికి అందరూ చెట్ల కిందికి పరిగెత్తినప్పుడు, కొడుకు తడుస్తూ బేస్ దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుండిపోవడం చూసి తట్టుకోలేకపోయానని, సంచిలో పెన్సిలు చెక్కుకునే బ్లేడు ఉందని చెప్పాడు. మిగతాది చెప్పక్కర్లేకపోయింది.

 మా నాన్న లేచి నిలబడ్డాడు. చేతిలో జెర్సీ అలాగే ఉంది.

"నా గ్లవ్‌లోనే పడింది. పుస్తకంలో హిట్ అని ఉందంటే నోరు మూసుకున్నాను. ఆరేళ్ళు మూసుకున్నాను," అన్నాడు.

ఆ జెర్సీ బల్ల మీద పెట్టబోతే కోచ్ అంకుల్ ఒప్పుకోలేదు. ఇచ్చింది ఇచ్చిందే అన్నాడు. మిగిలిన జెర్సీ తీసి స్తంభం దగ్గరికి నడిచి వెళ్ళి అక్క చేతిలో పెట్టాడు. ఏడాదంతా దానికోసం గోడని కొట్టిన పిల్ల, సంతోషపడుతుందనుకున్నాను. ఆమె దాన్ని చూడను కూడా లేదు. తాతయ్యనే చూస్తోంది.

"మా నాన్నకి ఎవరు చెప్తారు?" అంది.

"నేనే చెప్తాను, పద," అన్నాడు తాతయ్య.

నేనూ వెనకే వెళ్ళాను. అక్క వాళ్ళ నాన్న టాక్సీ డ్యూటీకి బయల్దేరబోతూ ఉన్నాడు. తలుపు తెరిచాడు గానీ ఇనుప గ్రిల్ తియ్యలేదు. తాతయ్య గ్రిల్ ఇవతల పుస్తకం విప్పి పట్టుకుని చెప్పాల్సింది చెప్పాడు. తప్పు నాది, క్షమించమని అడిగే హక్కు కూడా నాకు లేదు అన్నాడు.  అక్క వాళ్ళ నాన్న గ్రిల్ సందులోంచి చెయ్యి పోనిచ్చి, ఆ పలచబడ్డ కాగితాన్ని వేలితో తడిమాడు.

"బంతి నెమ్మదిగా వెళ్ళడం నేను చూశాను బాబాయ్. ఈ కళ్ళతోనే చూశాను. కానీ పుస్తకం మీది కదా. మీరు రాశారంటే నేను చూసిందే తప్పనుకున్నాను. నా చెయ్యే వణికిందని నేనూ నమ్మేశాను."

అరవలేదు, తిట్టలేదు. కూతురి కోసం మాత్రం గ్రిల్ తీశాడు. ఆమె లోపలికి వెళ్ళాక మళ్ళీ వేసుకున్నాడు. తాతయ్య ఆ తలుపు ముందు ఇంకా కాసేపు నిలబడ్డాడు. 

మర్నాడు మ్యాచ్ ఒక్క రన్ను తేడాతో ఓడిపోయాం. అక్క ఆఖరి బంతి దాకా తడబడకుండానే వేసింది. తెల్లటోపీ అంకుల్ ఈసారి తప్పంతా ఎండ మీదికి తోశాడు. అక్క వాళ్ళ నాన్న రాలేదు. ఆ సీజనంతా రాలేదు. తరవాత ఏడాది ఎప్పుడో ఒకసారి వచ్చి కంచె అవతలే నిలబడి చూసి వెళ్ళాడు. తాతయ్య పుస్తకం, పెన్ను కోచ్ అంకుల్‌కి అప్పజెప్పేసి, గడ్డి మీద అందరితోపాటు కూర్చున్నాడు. రాసే పని లేక ఆయన చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

నేను స్కోరరుని కాలేదు, టీచర్ని అయ్యాను. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి సెమిస్టరుకీ పిల్లల రిపోర్టుల్లో మూడేసి వాక్యాలు రాస్తున్నాను. ఏకాగ్రత లేదు, భయస్థుడు, లెక్కలు రావు. రాయడం ఎంతసేపు? ఒక్క నిమిషం. కానీ ఆ మాట చదివి, తను ఏం చెయ్యగలదో తన కళ్ళతో చూసుకున్న పిల్ల కూడా, టీచరే రాసింది కదా అని తనని తాను నమ్మడం మానేస్తుందేమోనని నాకు భయం. అందుకని రాశాక పెన్ను పక్కన పెట్టి, ఆ పిల్లని పిలిచి, నేను రాసింది నిజమేనా అని అడుగుతాను. తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వనీ. కొన్నిసార్లు పిల్లలు తల అడ్డంగా ఊపుతారు, అప్పుడు వాళ్ళ ముందే కొట్టేసి మళ్ళీ రాస్తాను.