వాళ్ల మౌనం, మా కూటం

మేడమ్ గారి తాతంటే నాకు ఒళ్లుమంట. ఆయన్ని నేనెరగను, మేడమూ ఎరగదు. కువైట్‌లో నేను వంట చేసే ఆ కెనడా వాళ్లింట్లో హాలు గోడకి ఒక ఫొటో ఉంది. పెద్ద యుద్ధంలో బాంబులు వేసే విమానం, దాని కింద భుజాల మీద చేతులేసుకుని ఏడుగురు కుర్రాళ్లు. ఎడమ చివర నవ్వుతున్నవాడు తాత. ఒక రాత్రి జర్మనీ మీదికి వెళ్లారు, తిరిగి రాలేదు.

ఏటా నవంబరులో మేడమ్ తన దేశం వాళ్లని పిలిచి, ఆ విమాన దళంలో పోయినవాళ్లని తలుచుకుంటుంది. ముందు నుంచే ఒకటే గొప్పలు. వాళ్లంత ధైర్యం, వాళ్లంత మంచితనం లోకంలో ఎవరికీ లేదట. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా! వాళ్లు వేసిన బాంబుల కింద ఎవరి ఇళ్లున్నాయో ఆవిడ ఒక్కనాడూ అనగా వినలేదు. అయినా నాకెందుకు? మిర్కాబ్ బజారుకెళ్లి ఎర్రగుడ్డ తెచ్చి, అతిథులు చొక్కాలకి పెట్టుకునే పువ్వులు నేనే కుట్టేదాన్ని.

ఈ ఏడు మాత్రం కుట్టబుద్ధి కాలేదు. ఇక్కడే సులైబియాలో ఒక గోడౌన్లో పనిచేస్తూ మా ఆయన పోయి సరిగ్గా ఆ రోజుకి ఏడాది. గోదావరి వైపు మా క్రైస్తవుల్లో ఏడాదికి జ్ఞాపకార్థ కూటం పెడతారు. పదిమందిలో భార్య నిలబడి పైకి ప్రార్థన చేస్తుంది, తరవాత భోజనాలు. ఊరెళ్లడానికి ముందుగానే సెలవడిగాను.

"ఆ రోజు ఎలా కుదురుతుంది? మన కార్యక్రమం ఉంది కదా," అంది మేడమ్.

మన! ఎప్పుడో పోయిన తాత మనవాడు, నిరుడు పోయిన నా మొగుడు ఎవరివాడో.

చివరికి మా అత్తయ్యే ఒక దారి చెప్పింది. ప్రార్థన వేళకి ఫోన్ చేస్తారు, నేను ఇక్కణ్ణించి ప్రార్థన చేస్తే అక్కడ మైకు దగ్గర పెడతారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ వేళకే ఇక్కడ రెండు నిమిషాల మౌనం. ఫోన్ పట్టుకుని వంటింట్లోనే ఉండిపోదామనుకున్నాను. మేడమ్ బుట్ట తీసుకొచ్చి అందరి ఫోన్లూ ఆపించి అందులో వేయించింది. నాదీ వేయించింది. "ఈసారి నువ్వూ మాతో నిలబడాలి," అంది, ఏదో వరమిచ్చినట్టు.

ఏడుగురి పేర్లూ చదివారు. అందరూ తలలు దించుకున్నారు. అక్కడ మా పందిట్లో నా నంబరు కొట్టి కొట్టి విసిగిపోతుంటారు. మా వాళ్లెవరూ పోయినవాళ్ల కోసం నోరు మూసుకోరు. నేనూ మూసుకోలేకపోయాను.

"ప్రభువా!" అన్నాను గట్టిగా.

ఆ రోజు నాకు సాయానికొచ్చిన మా ఊరి అక్క పక్కనుంచి గిల్లింది. "ఒసేయ్, నోర్ముయ్యవే, పనిపోద్ది!" అని గుసగుసలాడింది.

నేను ఆగలేదు. మా ఆయన పేరు చెప్పాను. ఆయన కోపం, ఆయన నవ్వు, ఇల్లు కట్టాలన్న ఆయన ఆశ, అన్నీ ఏడుస్తూ తెలుగులో దేవుడికి చెప్పాను. మేడమ్ మొహం కందగడ్డయింది. కానీ మౌనం కదా, ఆవిడ మాట్లాడకూడదు. రెండు నిమిషాలూ నాకే దక్కాయి.

ఆమెన్ అన్నాక నన్ను వంటింట్లోకి తోసినంత పని చేసింది. "ఏడాదికి వాళ్లకి మేమిచ్చేది ఈ రెండు నిమిషాలే! అవీ పాడు చేశావు. ఖలాస్! ఇంకో ఇల్లు చూసుకో."

"చూసుకుంటాను. ముందు నా ఫోనివ్వండి," అన్నాను.

అత్తయ్యకి చేశాను.

"ఏంటమ్మా, ఫోనాపేశావు? నీకోసం చూసి చూసి పాస్టరుగారు ముగించేసేరు. నా కొడుక్కి పెళ్లాం ప్రార్థనే లేకుండా పోయింది," అని ఏడ్చింది.

"చేశాను అత్తయ్యా."

"ఒక్కదానివీ చేసుకుంటే ఏం లాభమే? పదిమంది ఉండాలి గదా!"

"ఉన్నారు. అంతా తెల్లవాళ్లు. మీ అబ్బాయి పేరు చెబుతుంటే అందరూ తలలు దించుకుని నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు."