కిటికీలోంచి పారేసిన బీట్‌రూట్

ఈ మధ్యాహ్నం మా ఆరేళ్లవాడు బీట్‌రూట్ కూర వద్దని కంచం నెట్టేశాడు. "తిను, రక్తం పడుతుంది" అనబోయి ఆగిపోయాను. పెరుగన్నంలోకి పాకిన ఆ ఎరుపు చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడే.

కృష్ణానగర్ గల్లీలో నాతో ఆడుకున్నవాళ్లూ, మా నాన్న గుర్తున్నాడా? సినిమాల్లో ఫైటర్. షూటింగ్ నుంచి ఎర్ర మరకల చొక్కాతోనే ఇంటికొచ్చేవాడు. మనం బిక్కచచ్చి చూస్తుంటే, "రంగే బిడ్డా, గింతదానికే భయపడ్తరా?" అని పకపకా నవ్వేవాడు. అమ్మ బకెట్లో ఒక్కసారి జాడిస్తే ఆ రంగు పోయేది.

అమ్మ నన్నెప్పుడూ బీట్‌రూట్ తినమని వెంటపడేది. "తిను బిడ్డా, రక్తం పడతది." నాకా మట్టి వాసన గిట్టేది కాదు. ఆమె అటు తిరగ్గానే ముక్కలన్నీ కిటికీలోంచి వెనక సందులోకి పారేసేదాన్ని.

ఒకరోజు నాన్న గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు. "రంగే బిడ్డా" అన్నాడు గానీ నవ్వలేదు. అమ్మ చొక్కాను జాడించింది. సబ్బు పెట్టి రుద్దింది. మళ్లీ రుద్దింది. మరక పోలేదు.

అమ్మ చొక్కాను బకెట్లోనే వదిలేసింది. చేతులు తుడుచుకుని, గిన్నెలో మిగిలిన బీట్‌రూట్ నాన్న కంచంలో వేసింది. రెండు గరిటెలే ఉంది.

నేను వెనక సందులోకి పరిగెత్తాను. పొద్దున పారేసిన ముక్కలను మట్టిలోంచి ఒక్కొక్కటే ఏరి గౌనులో వేసుకున్నాను.