ఎడారికి నేను పోసిన నీళ్లు

దాహంతో ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. కానీ నిండు డ్రమ్ము మంచినీళ్లు ఎదురుగా ఉండగా, వాటిని తన చేతులతోనే ఇసుకలో పారబోసి, పైన దిమ్మిస కొట్టి చదును చేసి, ఆ తర్వాత దాహంతో చావడానికి తీరుబడిగా కూర్చున్నవాడు నాకు తెలిసి ఒక్కడే. ఆ మహానుభావుడికి అప్పుడు ఇరవై రెండేళ్లు. పేరు మల్లేశం. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆయనే.

ఎనభైల మొదట్లో సంగతి. మాది బొంబాయిలోని కామాటిపురా. మా తాత పాలమూరు నుంచి మట్టిపనికి బొంబాయి వచ్చి అక్కడే ఉండిపోయాడు. నేనూ మేస్త్రీనే. మూడేళ్లు తాపీ పట్టాను కాబట్టి ఇసుక, సిమెంటు, నీళ్ల గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. మేముండే చాల్‌లో, ఆ వరస గదుల్లో, ఎవరి గోడ చెమ్మగిల్లినా, పిలవకపోయినా వెళ్లి కారణం చెప్పి, టీ తాగి వచ్చేవాణ్ని.

ఆ ఏడు మా మేనమామ నర్సింలు మేస్త్రి రాజస్థాన్ ఎడారిలో కాలువ పని పట్టాడు. పాలమూరు కూలీలను, భార్యను, కూతురు సుగుణను వెంటబెట్టుకుని ముందే రైలెక్కాడు. పారలు, గడ్డపారలు, తట్టలు, దిమ్మిసలు లారీలో వెనక నుంచి రావాలి. వాటితో పాటు సుగుణ పెంచుకున్న కుక్క కూడా రావాలి. ఫోరస్ రోడ్డులో దొరికిన కుక్కపిల్లది అచ్చం సిమెంటు రంగు, అందుకని పేరూ సిమెంటే. ఈ మొత్తాన్ని దగ్గరుండి చేర్చే భారం నా మీద పడింది.

రైలు కదిలే ముందు మామ నన్ను పక్కకు పిలిచాడు.

"సామాను, కుక్క సల్లగ చేరితే నీకు, సుగుణకు పెండ్లి మాట ఎత్తుత. లేకుంటే వర్లిల లిఫ్టు నడిపే పోరడున్నడు. వాళ్ల నాయిన రెండుసార్లు వచ్చి పోయిండు."

సుగుణ కిటికీలోంచి ఇంకా స్పష్టంగా చెప్పింది. "బావా, నువ్వు రాకున్నా నడుస్తది. సిమెంటు మాత్రం రావాలె."

ఆ పిల్లంటే నాకు ప్రాణం. అందుకే ఆ మాట కూడా నాకు ప్రేమగానే వినిపించింది. ఆ వయసులో చెవులు అలాగే పనిచేస్తాయి.

లారీ తోలేది వర్లి చాల్ మనిషి సత్తయ్య కాకా. ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాడు. అవసరమైతే తప్ప నోరు తెరవడు. కిటికీ పక్క సీటు సిమెంటుది. నేను మధ్యలో గేరు రాడ్డుకు మోకాలు తగిలించుకుని కూర్చునేవాణ్ని. పొద్దుగూకితే లారీ పక్కన టార్పాలిన్ కట్టి, పంపు స్టవ్వు మీద కిచిడీ వండేవాళ్లం. మొదటి ముద్ద సిమెంటుకే పెట్టేవాణ్ని, పెళ్లి దాని చేతిలో ఉందని నాకు తెలుసు గనక.

నాలుగు రోజులు అంతా బాగానే జరిగింది. అయిదో రోజు మధ్యాహ్నం, ఇంకాసేపట్లో చేరతామనగా నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

రోడ్డు ఒక పెద్ద ఇసుక దిబ్బల వరుసను చుట్టి పోతోంది. ఆ దిబ్బల మధ్య నుంచి అడ్డంగా ఏవో బండి చక్రాల గుర్తులు కనిపించాయి.

"కాకా, ఇట్ల పోదాం. రోడ్డు ఊకెనే చుట్టు తిరుగుతున్నది."

"రోడ్డు చుట్టు తిరిగిందంటే దానికేదో కారణముంటది."

"రోడ్డు వేసినోళ్లు మేస్త్రీలు కారు కాకా. నేను మేస్త్రీని."

వీడి మామ సామాను, వీడి మామ పని, నాకెందుకు అనుకున్నాడో ఏమో, కాకా స్టీరింగు తిప్పాడు. అరగంట తర్వాత లారీ వెనక చక్రాలు సగం దాకా ఇసుకలో దిగిపోయాయి. ఆ గుర్తులు ఒంటె బండివట. ఒంటె బండి పోయిన చోటికల్లా లారీ పోదని నాకప్పుడే తెలిసింది.

కాకా దిగి చక్రాల చుట్టూ తిరిగి చూశాడు. "టైర్లల్ల సగం గాలి తీద్దాం. టైరు వెడల్పయితది, బండి మీదికొస్తది."

నేను పడీ పడీ నవ్వాను. మీరైనా నవ్వరూ? గాలి ఉన్నప్పుడే మునిగిన బండి, గాలి తీస్తే తేలుతుందంటాడు.

"కాకా, ఇసుక పని నాకిడిసిపెట్టు. పునాదిల ఇసుక పోసి ఏం చేస్తం? నీళ్లు కొడతం, దిమ్మిస గుద్దుతం. రాయి లెక్కయితది. చక్రాల ముంగట రెండు పట్టీలు చేస్త, బండి దాని మీదికెక్కుతది."

"నీళ్లేవి?"

నేను లారీలో ఉన్న మంచినీళ్ల డ్రమ్ము వైపు చూశాను. కాకా కూడా చూశాడు.

"అవి తాగే నీళ్లు రా."

"చేరినంక అక్కడ తాగుదాం కాకా. ఇంకెంత దూరం?"

"పట్టీలు ఎంత పొడుగు చేస్తవ్?"

"పది అడుగులు."

"పది అడుగులైనంక?"

"అప్పటికి బండికి ఊపొస్తది."

ఇక పని మొదలైంది. నా తండ్రి, తాత చూసి ఉంటే గర్వపడేవాళ్లు. పొర పొరకూ ఇసుక పరిచాను, నీళ్లు కొట్టాను, దిమ్మిసతో గుద్దాను. నీళ్లు తక్కువైతే పని చెడుతుందని మా నాన్న ఎప్పుడూ అనేవాడు, అందుకని పిసినారితనం చేయలేదు. చివర్లో చెంబెడు మిగిలితే, అంచులు రాలకుండా ఉండాలని వాటి మీదా చల్లాను. సిమెంటు వచ్చి తడి ఇసుకను నాకి, నా ముఖంలోకి చూసి, దూరంగా వెళ్లి పడుకుంది.

కాకా బండి ఎక్కాడు. ఇంజను గర్జించింది. లారీ పట్టీల మీదికి ఎక్కింది, నిజంగానే ఎక్కింది. రాజులాగా పది అడుగులు నడిచింది. నేను చప్పట్లు కొట్టాను. పదకొండో అడుగులో ఈసారి ఇరుసు దాకా దిగిపోయింది.

కాకా ఇంజను ఆపి కిందికి దిగాడు. తిట్టలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "రేడియేటర్ల నీళ్ల మీద చేయి పెట్టినవంటే ఇరగ్గొడ్త" అని మాత్రం అన్నాడు. టైర్లలో గాలి తీద్దామా అని నేను మెల్లగా అడిగితే, ఇరుసే కూరుకుపోయాక గాలి తీస్తే ఏం లాభం, లాగడానికి పదిమంది కావాలన్నాడు.

తెల్లవారి లేచేసరికి నాలుక చెప్పు అట్టలా ఉంది. దానికన్నా ఘోరం, సిమెంటు లేదు. లారీ కింద లేదు, క్యాబిన్లో లేదు, దిబ్బ ఎక్కి అరిస్తే పలకలేదు. నీళ్లు పోయినందుకు నేను ఏడవలేదు గానీ, కుక్క పోయినందుకు ఏడ్చాను. సుగుణ ముఖం గుర్తొచ్చింది. దాని పక్కనే, నేనెన్నడూ చూడని లిఫ్టు పోరడి ముఖం కూడా ఎంతో స్పష్టంగా గుర్తొచ్చింది.

లారీ నీడలో కూలబడ్డాను. "కాకా, నా పని అయిపోయింది. సుగుణకు ఒక మాట చెప్పు."

"ఏమని?"

"ఆఖరి నిమిషంల గూడ ఆమెనే తలుచుకున్న అని. సిమెంటు పోయిన సంగతి మాత్రం చెప్పకు. గసుంటి రంగుదే ఇంకో కుక్కను సూపియ్యి."

"నువ్వే చెప్పు."

"నాకు టైము లేదు కాకా."

"ఎన్కకు చూడు."

చూశాను. నెత్తి మీద నీళ్ల బిందెతో సుగుణ నిలబడి ఉంది. పక్కన సిమెంటు. దాని పొట్ట గుండ్రంగా ఉంది, మీసాలు తడిగా ఉన్నాయి.

జరిగింది ఏమిటంటే, మామ గుడారాలు ఆ దిబ్బలకు అవతలే ఉన్నాయి. సిమెంటు తెల్లవారకముందే సుగుణ వాసన పట్టుకుని వెళ్లి, ఆమె పెట్టిన జొన్నరొట్టె తిని, కడుపు నిండా నీళ్లు తాగి, ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది. ఆమె వెనక మామ, మామ వెనక ఇరవై మంది పాలమూరు కూలీలు.

"గసుంటి రంగుదే ఇంకో కుక్కనా?" అంది సుగుణ. బిందె దించకుండా కాసేపు అలాగే నిలబడింది. తర్వాత జాలిపడి నీళ్లు పోసింది.

మామ నా దగ్గరికి రాలేదు. తిన్నగా నా పట్టీల దగ్గరికి పోయాడు. వంగి చూసి, మడమతో తన్నాడు. అంచు కూడా రాలలేదు.

"ఎవరు కొట్టిన్రు దిమ్మిస?"

"నేనే మామా."

"పని మంచిగున్నది. నీళ్లు యాడికెళ్లి తెచ్చినవ్?"

నేను ఖాళీ డ్రమ్ము వైపు చూశాను. మామ కూడా చూశాడు. తర్వాత కూలీల వైపు తిరిగాడు.

"ఎడారికి నీళ్లు తెచ్చేతందుకు మనం ఇంతమందిమి ఏండ్లకేండ్లు కాలువ తవ్వాలె. ఈడు ఒక్క పూటల తెచ్చిండు."

ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నవ్వుతూనే వాళ్లు ఇసుక తోడి, టైర్లలో సగం గాలి తీసి, తాడు కట్టి లాగారు. బీడీ కాలినంత సేపట్లో లారీ బయటికి వచ్చింది. కాకా నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంతటి పగ మరెవరూ తీర్చుకోలేరు.

మామ కూతురితో అన్నాడు, "వర్లి వాళ్లకు కబురు పెట్టనా బిడ్డా?"

సుగుణ కుక్క తల నిమురుతూ ఆలోచించింది.

"వద్దు నాయినా. కుక్కను చేర్చిండు గద."

"వీడు కుక్కను చేర్చలే. కుక్కనే వీణ్ని చేర్చింది" అన్నాడు కాకా, లారీ బయటికొచ్చాక మొదటిసారి నోరు తెరిచి.

"ఎట్లయితేంది, ఇద్దరొచ్చిన్రు. ముహూర్తం చూడు. ఇంట్ల నీళ్లు మాత్రం ఈయన చేతికియ్యద్దు, నా చేతుల్నే ఉండాలె."

ఆ షరతు మీద మా పెళ్లయింది. కాబట్టి నేను, మల్లేశం మేస్త్రి, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా (సుగుణ నా భుజం మీదుగా చదువుతున్నా సరే) గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో తాగే నీళ్లతో రోడ్డు వేయను. ముప్పై ఏళ్లు బండి తోలినవాడు ఏదైనా చెబితే, నవ్వే ముందు ఒకసారి చేసి చూస్తాను. వచ్చే జన్మ సంగతి మాత్రం ఇప్పుడే మాటివ్వలేను. ఆ పట్టీలు నిజంగా బాగా కుదిరాయి.