గాయానికి నేను రాసిన కారణం

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, జూన్ నెలలో నన్ను ఇందుకూరుపేట మండలంలో సముద్రం వైపు సెక్టారుకు వేశారు. నేను ఐసీడీఎస్ సూపర్‌వైజరును. అంటే పాతిక దాకా అంగన్‌వాడీ కేంద్రాలను చూసుకోవాలి. పిల్లల బరువులు, పౌష్టికాహారం, ఇళ్ళ సందర్శన నా పని. మా శాఖలో రిజిస్టర్లకు కొదవలేదు. వాటిని తప్పుల్లేకుండా రాస్తానని నాకు పేరు, ఆ పేరు మీద కాస్త గర్వం కూడా ఉండేవి.

ఆ సెక్టారులో ఒక పల్లెపాలెంలో మానస అనే ఐదేళ్ళ పిల్ల ఉండేది. పుట్టేటప్పుడే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాయి. మాట లేదు. అప్పుడప్పుడు ఫిట్స్ వచ్చేవి. తండ్రి చేపల వేటకు పోయేవాడు. తల్లి రమణమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళేది. ఆమె వచ్చేదాకా పిల్లకు కాపలా చూపు ఆనని నానమ్మ.

మొదటి మూడు నెలల్లో మూడుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా పిల్ల ఒంటి మీద ఎక్కడో ఒకచోట కమిలిన మచ్చ కనిపించేది. రిజిస్టరులో గాయానికి కారణం రాయాలి. ‘ఫిట్స్ వచ్చి పడినందువల్ల’ అని రాశాను. మూడోసారి రాస్తుంటే మనసు పీకింది. నిలబడలేని పిల్ల ఎక్కడి నుంచి పడుతుంది? కానీ మధ్యాహ్నం మండలాఫీసులో మీటింగు, బస్సు దొరకదేమోనని లేచి వచ్చేశాను.

నాలుగోసారి బరువు చూడాల్సి వచ్చింది. నిలబడలేని పిల్లలను మనమే ఎత్తుకుని తూకం మిషను ఎక్కి, వచ్చిన అంకెలోంచి మన బరువు తీసేయాలి. ఎప్పుడూ ఆ పని అంగన్‌వాడీ టీచరు సుభాషిణి చేసేది. ఆ రోజు ఆమె సెలవు. నేనే వంగి మానస రెండు జబ్బలూ పట్టుకుని లేపబోయాను. పిల్ల ఒళ్ళంతా బిగదీసుకుంది. చూస్తే సరిగ్గా నా వేళ్ళు పడ్డచోటే నీలంగా వేళ్ళ గుర్తులున్నాయి, రెండు జబ్బల మీదా.

నాకు కోపం ముంచుకొచ్చింది. నానమ్మనే అనుమానించి, ఎవరు చేశారని గట్టిగా అడిగాను. ఆ రోజు పనికి పోకుండా ఇంట్లోనే ఉన్న రమణమ్మ జవాబు చెప్పింది.

“నేనే మేడమ్. ముద్ద నోట్లో పెడితే మింగదు, గంటసేపు అట్నే పెట్టుకోనుంటాది. బయట షెడ్డు బండి హారన్ కొడతా ఉంటాది. పట్టుకోని కుదిపేస్తాను. తరవాత నేనే ఏడస్తాను.”

మరి ఫిట్స్ అని అబద్ధం ఎందుకు చెప్పావని నిలదీశాను.

“నేనెప్పుడు చెప్పినాను మేడమ్? ఫిట్స్ వచ్చి పడిందా అని మీరే అన్నారు, మీరే రాసుకున్నారు.”

నిజమే. తల తీసేసినట్టయింది.

రమణమ్మ పరువు పోతుంది, నోటి మాటతో సర్దేద్దామని మర్నాడు సుభాషిణి బతిమాలింది. నేను వినలేదు. మా ప్రాజెక్టు ఆఫీసరుకూ, జిల్లా బాలల సంరక్షణ విభాగానికీ కాగితం పెట్టాను. నా మూడు నమోదులూ తప్పని కూడా అందులో రాశాను. పిల్లను తల్లి దగ్గర్నుంచి తీసి హోముకు పంపుతారేమోనని విచారణ ముగిసేదాకా నాకు అన్నం సహించలేదు. పంపలేదు. ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి, పిల్లను నిటారుగా ఆనించి జావ చెంచాతో ఎలా పట్టాలో నేర్పాడు. పొద్దుటి తిండి కేంద్రంలో ఆయా పెట్టేలా ఏర్పాటు చేశాం. ఆ తర్వాత ప్రతి నెలా చెప్పకుండా వెళ్ళి జబ్బలు చూసేదాన్ని. ఒకసారి మళ్ళీ గుర్తులు కనిపించాయి. మళ్ళీ కాగితం పెట్టాను. అక్కడున్న రెండేళ్ళూ నాకు ధీమా కుదరలేదు.

వైకల్యం ఉన్న పిల్లకు ప్రతి పనికీ ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ చెయ్యి అలిసిపోతే దెబ్బ పడేదీ ఆ పిల్ల మీదే. ఆ పిల్ల తన బాధ చెప్పుకోలేదు. చూసేవాళ్ళ దగ్గర గాయానికి కారణంగా జబ్బు పేరు సిద్ధంగా ఉంటుంది. నేను రాసిన కారణం చాటున మానస మూడు నెలలు దెబ్బలు తిన్నది.